మడి నీళ్లలో ఎరువు

సికింద్రాబాదులో ఉంటున్నా సొంతూరు పల్లె అయిన ఆడవాళ్లు చాలామంది. నాట్లు వేసిన చేతులు వాళ్లవి. వరి మడి ఎలా ఉంటుందో వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. నాటు వేసిన కొన్నాళ్లకు నీళ్లపై పచ్చగా ఏదో తేలుతుంది. పాచి అంటారు, నాచు అంటారు.

ఆ నాచు అంతా పనికిరానిదేనా? కాదు. అందులో కొన్ని రకాలు పైరుకు తిండి పెడతాయి.

పైరుకు తిండి

వరి ఏపుగా పెరగాలంటే నత్రజని కావాలి. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. కానీ వరి దాన్ని గాలి నుంచి తీసుకోలేదు. గాదె నిండా గింజలున్నా తాళం వేసి ఉంటే ఆకలి తీరుతుందా? ఇదీ అంతే.

అందుకే రైతులు యూరియా కొంటారు. 45 కిలోల బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని ఉంటుంది. అదైనా పైరుకు పూర్తిగా అందదు. కొంత గాలిలో కలుస్తుంది. కొంత నీళ్లతో పోతుంది. పెట్టిన డబ్బు కూడా దాంతోపాటే పోతుంది.

తాళం తీసేది ఎవరు?

నీలి ఆకుపచ్చ నాచు. ఇది చాలా చిన్న జీవి. గుంపుగా పెరిగితేనే తెట్టెలా కంటికి కనిపిస్తుంది. ఎండ వెలుతురుతో బతుకుతుంది. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మారుస్తుంది. అది చచ్చి కుళ్లినప్పుడు ఆ ఎరువు మట్టిలో కలుస్తుంది. వరి వేర్లు తీసుకుంటాయి. వరి మళ్లలో ఈ నాచు చేసే పని గురించి మన దేశపు శాస్త్రవేత్త పి.కె. డే 1939లో లోకానికి చెప్పాడు.

ఎరువు వేయని మడిలోనూ ఏటా ఎంతో కొంత వరి పండుతుంది. దానికి ఇదొక కారణం.

అజొల్లా

అజొల్లా నీటిపై తేలే చిన్న మొక్క. దాని ఆకుల గూళ్లలో నీలి ఆకుపచ్చ నాచు కాపురం ఉంటుంది. మొక్క నాచుకు ఇల్లు ఇస్తుంది. నాచు మొక్కకు నత్రజని ఇస్తుంది. చైనా, వియత్నాం రైతులు దీన్ని వందల ఏళ్లుగా వాడారు.

నాటిన వారం రోజులకు ఎకరానికి సుమారు 200 కిలోల పచ్చి అజొల్లా మడిలో వదలాలి. రెండు మూడు వారాల్లో మడి నిండుతుంది. కలుపు తీసేటప్పుడు దాన్ని కాళ్లతో మట్టిలోకి తొక్కాలి. మడి ఆరితే అజొల్లా చస్తుంది. ఎండ మరీ ముదిరినా, భాస్వరం తక్కువైనా ఎదగదు.

గుర్తుంచుకోండి

నాచు బాగా పెరిగితే ఎకరానికి 10 కిలోల దాకా నత్రజని ఇవ్వగలదు. అంటే అర బస్తా యూరియా. యూరియా పూర్తిగా మానేయవచ్చని కాదు, కొంత తగ్గించవచ్చు. యూరియా ఎక్కువ చల్లితే నాచు గాలి జోలికి పోదు. తేరగా తిండి దొరికితే కష్టపడేది ఎవరు?

పచ్చగా ఉన్నదంతా ఎరువు కాదు. దారాల్లా పెరిగే పాచి లేత నారును చుట్టేస్తుంది. హుస్సేన్ సాగర్ నీళ్లు పచ్చబడేది మురుగు చేరడం వల్ల.

రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఉంది. సలహాకు మండల వ్యవసాయ అధికారిని అడగవచ్చు. నాటు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. మడి నీళ్లను ముందు చూసేదీ వాళ్లే. అడిగే హక్కూ వాళ్లదే.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఎకరానికి ఎన్ని బస్తాల యూరియా వేస్తారు?
2. ఎంత వేయాలో ఇంట్లో ఎవరు నిర్ణయిస్తారు?