మీకు తెలుసా? బతిమాలితే ముద్ద దిగదు

అమెరికా మనస్తత్వవేత్త లీయన్ బర్చ్ పాలుపంచుకున్న ఓ అధ్యయనం 2006లో వెలువడింది. చిన్నపిల్లలకు సూప్ పోసి, కొన్ని పూటలు ‘అంతా తాగెయ్’ అని పదేపదే చెప్పారు. ఆ పూటల్లో వాళ్లు తక్కువ తాగారు, బాగాలేదని ఎక్కువ అన్నారు!

‘ఇంకొక్క ముద్ద, మా బంగారం కదూ’ అని ఫోన్‌లో పాటలు పెట్టి వెంట తిరిగేది ప్రేమతోనే. కానీ కడుపు నిండి తల తిప్పేసుకున్న బిడ్డకు రోజూ కుక్కి పెడితే, చాలు అని తెలుసుకునే నేర్పు మొద్దుబారవచ్చు. బరువు పెరగడానికి అదీ ఓ దారి కావచ్చు.

కొత్త కూరను మొదటిసారి ఉమ్మేసినా మానకండి. 8 నుంచి 15 సార్లు రుచి చూశాక నచ్చవచ్చు. కంచం అంచున చెంచాడు బీరకాయ కూర వేయండి. పక్కన కూర్చుని మీరూ అదే తినండి.