ఒనేసిము గంపలో టమోటాలు

ఒనేసిము కథను మేము నాటకంగా రాసి, మొదటిసారి పుంగనూరు దగ్గర ఒక పల్లెలో ఆడాము. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాల యువజనులం కొందరం రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్న నాటకమది. తెర లేచింది. ఫిలేమోను ఇంటి దాసుడు ఒనేసిము బజారు నుండి గంపతో వచ్చాడు. గంపనిండా ఎర్రటి టమోటాలు, పైన గుప్పెడు పచ్చిమిరపకాయలు. ఆ ఉదయమే మదనపల్లె మార్కెట్టులో కొన్నవి. జనం చప్పట్లు కొట్టారు. మేమూ మురిసిపోయాము.

ప్రదర్శన అయ్యాక ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు మమ్మల్ని పక్కకు పిలిచారు. "ఏం నాయనా, పౌలు కాలంలో టమోటా ఎవరు పండించినారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. టమోటా, మిరప, మొక్కజొన్న, వేరుశనగ అన్నీ అమెరికా ఖండపు పంటలు. 1492లో కొలంబస్ ఆ తీరం చేరిన తరువాతనే మిగతా ప్రపంచానికి అందాయి. అంటే పౌలుకూ మా గంపకూ మధ్య 1400 ఏళ్ళకు పైగా దూరం!

దానికి నవ్వుకున్నాము. కానీ అదే రాత్రి ఒక అవ్వ అన్న మాటకు నవ్వలేకపోయాము. మా నాటకంలో ఒనేసిము హాస్యపాత్ర. యజమానితో పరాచికాలాడుతూ, పాటలు పాడుతూ తిరుగుతాడు. అవ్వ అంది: "ఆ పిల్లోడు తప్పించుకొని పారిపోయినోడు కదా నాయనా, అట్లా నగతా ఉంటాడా? మా నాయన జీతంలో ఉన్నెప్పుడు మా ఇంట్లో గట్టిగా నగిన దినం నాకు తెలీదు."

అప్పు కింద తరతరాలు పనిచేసే వెట్టిని నిషేధిస్తూ మన దేశంలో చట్టం వచ్చింది 1976లో. ఆ బాధ పడినవారి బిడ్డలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారి ముందే మేము దాస్యాన్ని వినోదంగా ఆడాము. మళ్ళీ రాయాలి, తెలుసుకుని రాయాలి అని నిశ్చయించుకున్నాము.

రోమా చూడనివాళ్ళం రోమా గురించి ఎలా రాయగలం? ఈ అధైర్యం మాకూ కలిగింది. అయితే 1880లో వెలువడిన "బెన్‌హర్" నవలను లూ వాలస్ పరిశుద్ధ దేశాన్ని కళ్ళతో చూడకుండానే, గ్రంథాలయాల్లో చదివి రాశారు. మేము కూడా పాస్టరుగారి బైబిలు నిఘంటువుతో మొదలుపెట్టాము. కాలేజీ లైబ్రరీకి వెళ్ళాము. సెల్‌ఫోనులోనూ వెదికాము.

వెదికేకొద్దీ దారి కనబడింది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పొంపేయి పట్టణాన్ని బూడిదలో పూడ్చివేసింది. అందువల్లనే అక్కడి వీధులు, వంటిళ్ళు, గోడలమీది రాతలు, పొయ్యిలో మాడి బొగ్గైన రొట్టెలు నేటికీ మిగిలాయి. ఇంగ్లండు ఉత్తరాన విండొలాండా అనే రోమా కోటలో 1973 నుండి పలుచని చెక్కరేకులపై రాసిన ఉత్తరాలు దొరుకుతున్నాయి. ఒక దానిలో మేజోళ్ళు, చెప్పులు, లోదుస్తులు పంపించిన సంగతి ఉంది. పెద్ద పెద్ద చక్రవర్తుల చరిత్రకన్నా ఆ ఒక్క ఉత్తరమే మాకు ఎక్కువ ఉపయోగపడింది.

చదివినదాన్ని పల్లెలో పెద్దలకు చెప్పి చూసేవాళ్ళం. రోమీయుల పాతకాలపు తిండి గోధుమజాతి ధాన్యం ఉడికించిన జావలాంటి ముద్ద అనగానే, "మన సంగటి మాదిరే కదా" అన్నారు. వాళ్ళూ తిరగలిలోనే విసిరేవారంటే, తిరగలి పాట ఏ వేళ పాడతారో, ఏ చెయ్యి ముందు నొప్పి పుడుతుందో ఆడవాళ్ళు చెప్పారు. ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులవి. కాని పొంపేయి రొట్టెల దుకాణాల్లోని పెద్ద తిరగళ్ళను గాడిదలో దాసులో తిప్పేవారని చదివినప్పుడు అందరూ మౌనంగా ఉండిపోయారు.

విందు దృశ్యం కూడా మార్చాము. మేము కుర్చీలు, బల్ల వేశాము. ఆనాటి విందుల్లో ఎడమ మోచేతిమీద ఆనుకుని, పాదాలు వెనక్కు చాపి పడుకున్నట్లుండి తినేవారు. లూకా 7వ అధ్యాయంలోని స్త్రీ వెనుక నిలబడి యేసు పాదాలను కన్నీళ్ళతో ఎలా తడిపిందో అప్పుడే మాకు బోధపడింది. గంపలో టమోటాలు తీసేసి ఉల్లిగడ్డలు, అత్తిపండ్లు, ఒలీవలు పెట్టాము. కారానికి మిరియాలు. అవి మన మలబారు తీరం నుండే ఓడలమీద రోమాకు వెళ్ళేవి.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒనేసిమును మార్చాము. రోమా చట్టంలో దాసుడు మనిషి కాడు, ఆస్తి. కోర్టులో అతని సాక్ష్యం చిత్రహింస పెట్టి తీసుకునేవారు. పారిపోయి పట్టుబడితే నుదుట వాత పెట్టడం కద్దు. తరువాతి శతాబ్దాల్లో మెడకు వేసిన ఇనుప పట్టెడలు కూడా దొరికాయి. పట్టి అప్పగిస్తే బహుమానమిస్తామని ఒకదానిపై చెక్కి ఉంది. "ఒనేసిము" అంటే ప్రయోజనకరుడు. దాసులకు యజమానులు ఇటువంటి పేర్లే పెట్టేవారు. అటువంటివాడు తన యజమాని దగ్గరకే పౌలు ఉత్తరం పట్టుకుని తిరిగి వెళ్తున్నాడు. ఆ నడకలోని భయం తెలిస్తే తప్ప, అతణ్ణి దాసుడుగా కాక ప్రియ సహోదరుడుగా చేర్చుకొమ్మన్న మాట బరువు మనకు తెలియదు.

కుప్పంలో రెండవ ప్రదర్శనకు ఆ అవ్వను వెంటబెట్టుకుని వెళ్ళాము. ఈసారి చివర ఆలింగనం లేదు, పాట లేదు. ఒనేసిము ఉత్తరం పట్టుకుని తలుపు తట్టాడు, దీపం ఆరింది. ఫిలేమోను ఏం చేశాడో వాక్యం చెప్పలేదు గనుక మేమూ చెప్పలేదు. చప్పట్లు లేవు. అవ్వ మాత్రం మా దగ్గరకొచ్చి, "తలుపు తీసినాడా నాయనా?" అని అడిగింది. "తెలీదవ్వా" అన్నాము. "తీసుంటాడులే. తీయకుంటే ఆ జాబు ఎవురు దాచిపెడతారు?" అంది. పెద్ద పండితులు కూడా ఈ మాటే అన్నారని తరువాత చదివి ఆశ్చర్యపోయాము.

వచ్చే క్రిస్మసుకు నాటకమో కథో రాయబోయే యువజనులారా, మీకు మా మనవి ఒక్కటే. చక్రవర్తి పేరు తప్పక చూడండి. దానికి ముందు ఆ కాలపువారు ఏం తిన్నారో, నీళ్ళు ఎక్కడ నుండి తెచ్చుకున్నారో, ఎవరికి భయపడ్డారో తెలుసుకోండి. పుస్తకం మూసి మీ ఇంటి అవ్వను కూడా అడగండి.