నమ్మకానికి వడ్డీ ఎంత?

మీకు తెలుసా? 1920లో బోస్టన్‌లో చార్లెస్ పాంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. మొదట్లో ఇచ్చాడు కూడా! కొత్తవాళ్ల డబ్బు తీసి పాతవాళ్ల చేతిలో పెట్టాడు. సరిగ్గా అదే ఏడు మన దేశంలో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వచ్చింది. మనవాళ్లు ‘ఐపీ పెట్టిండు’ అంటారే, ఆ ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ ఈ చట్టం కిందే. ముంచే విద్య అక్కడ, చేతులెత్తేసే పిటిషన్ ఇక్కడ!

మీకు తెలుసా? చిట్‌ఫండ్లకు వరంగల్, హనుమకొండ పెట్టింది పేరు. 1982 చట్టం ప్రకారం ప్రతి గ్రూపునూ విడిగా రిజిస్టర్ చేయాలి. చిట్టీ విలువంత సొమ్మును నిర్వాహకుడు ముందే పూచీగా పెట్టాలి. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకొచ్చిన రైతు పాట ఎప్పుడని అడుగుతాడు, కమీషన్ ఎంతని అడుగుతాడు. రిజిస్ట్రేషన్ కాగితం మాత్రం అడగడు. అడిగితే ‘ఏందన్నా, నా మీద నమ్మకం లేదా?’ అని వస్తుంది మరి. ఆ ఒక్క మాటతో నోటికి తాళం! తిడితే పడతాం గానీ మొహమాటం ముందు నిలబడలేం.

మీకు తెలుసా? దొంగ తనను తాను దొంగ అనుకోడు! నమ్మినవాళ్ల సొమ్ము కాజేసి జైలుకెళ్లిన వాళ్లతో డొనాల్డ్ క్రెస్సీ అనే అమెరికా పరిశోధకుడు మాట్లాడి 1953లో పుస్తకం రాశాడు. ‘తీసుకున్నా, మళ్లీ పెట్టేద్దామనుకున్నా’ అన్నవాళ్లే ఎక్కువ. అంతా చేబదులేనట!

మీకు తెలుసా? మంచి పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండా, 2009 జనవరి 7న, లెక్కల్లో చూపిన 5,040 కోట్ల నగదు అసలు లేనే లేదని సంస్థ ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం రాశారు. పులినెక్కాక దిగడం తెలియలేదన్నారు. ఆ ఒక్కరోజే షేరు 78 శాతం పడింది. పులి తిన్నది వాటాదారులను!

మీకు తెలుసా? డిపాజిట్లు కట్టించుకుని ముంచిన అగ్రిగోల్డ్ సంస్థ బాధితులు దాదాపు 32 లక్షల మంది. సొమ్ము 6,380 కోట్లు. భాగిస్తే తలకు సుమారు 20 వేలు. ‘ఇంతేనా’ అనకండి. కూలి డబ్బు దాచుకున్న ఇంట్లో అది ఆడపిల్ల పెళ్లి, ఆపరేషన్ ఖర్చు. ఇక్కడ మాత్రం జోకు లేదు.

మీకు తెలుసా? వెయ్యి వస్తే కలిగే సంతోషం కన్నా వెయ్యి పోతే కలిగే బాధ దాదాపు రెండింతలని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ లెక్క తేల్చారు. అందుకే పోయింది రాబట్టాలని మళ్లీ కడతాం. పైగా ‘చదువుకున్నోడివి, నువ్వెట్ల మోసపోయినవ్?’ అంటారేమోనని ఇంట్లోనూ చెప్పం. దొంగకు అది ఉచిత కాపలా!

మీకు తెలుసా? పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన ఏ చట్టంలోనూ లేదు! ఇలాంటి కాల్‌కు డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే, దాన్ని ఆపే వీలు అంత ఎక్కువ. కొన్నాళ్లకు ఇంకో ఫోన్ వస్తుంది: ‘మీ డబ్బు తెప్పిస్తాం, ఫీజు ముందు కట్టండి.’ ఒకసారి మునిగినవాడంటే వాళ్లకు పాత కస్టమరే!