దూరమునుండి స్వచ్ఛంద గణన నిర్వహణము

కంప్యూటరు ఊరక యుండు కాలమును శాస్త్రపరిశోధనకు దానము చేయుటయే స్వచ్ఛంద గణనము. ఒక మహాగణితమును చిన్నచిన్న భాగములుగా విభజించి, దాతల యంత్రములకు పంపి, ఫలితములను తిరిగి గ్రహించుట ఇందలి పద్ధతి. 1999 మే నెలలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆరంభమైన 'సెటి ఎట్ హోమ్' దీనిని లోకప్రసిద్ధము గావించెను. అది 2020 మార్చిలో పనుల పంపిణీని విరమించినను, ఆ అనుభవమునుండి పుట్టిన 'బోయింక్' అను సాఫ్ట్‌వేరు నేటికిని పెక్కు పరిశోధనలకు ఆధారముగా నున్నది. 2010లో 'ఐన్‌స్టైన్ ఎట్ హోమ్' దాతల యంత్రములు ఒక క్రొత్త పల్సారును కనుగొన్నవి.

అద్దెకు గైకొన్న సర్వరు ఎచ్చటనో దూరమున నుండును. దాని యెదుట కూర్చుండుటకు వీలులేదు. సాధారణముగా దానికి తెరయు నుండదు. అట్టి యంత్రమును ఇంటినుండి నడపుట యెట్లు?

బోయింక్ రెండు భాగములుగా నున్నది. లెక్కలు చేయునది క్లయింటు. ఆజ్ఞల నిచ్చునది మేనేజరు. ఈ రెండును ఒకే యంత్రమున నుండ నక్కరలేదు. 31416 అను సంఖ్యగల పోర్టు ద్వారా అవి సంభాషించును. తెర లేనిచోట మేనేజరునకు బదులుగా అక్షరరూపమున ఆజ్ఞల నిచ్చు 'బోయింక్ కమాండ్' అను సాధనము గలదు.

క్లయింటు సహజముగా తానున్న యంత్రమునుండి వచ్చు ఆజ్ఞలనే ఆలకించును. ఈ కట్టడిని తొలగించి, పోర్టును లోకమునకెల్ల తెరచుట ప్రమాదకరము. ఆ సంభాషణము రహస్యలిపిలో సాగదు. సంకేతపదము పరులకు చిక్కెనేని వారు పనులను ఆపవచ్చును. యంత్రమును తమ ఖాతాకే త్రిప్పుకొనవచ్చును. అద్దె ఒకరిది, ఫలము మరియొకరిది యగును.

ఇందులకు ఎస్.ఎస్.హెచ్. సొరంగము మేలైన మార్గము. ఇంటి యంత్రమునందలి ఒక పోర్టును, ఉదాహరణకు 31417ను, సర్వరులోని 31416తో రహస్యలిపి మార్గమున కలుపవలెను. అప్పుడు ఆజ్ఞ లోపలినుండియే వచ్చినట్లు క్లయింటునకు తోచును. బయటివారికి ఏ ద్వారమును తెరువ నక్కరలేదు. సర్వరులో నున్న సంకేతపదమును మాత్రము చెప్పవలెను.

మరి రెండు జాగ్రత్తలు గలవు. అద్దె సర్వరులలో ప్రాసెసరును పలువురు పంచుకొనుట కలదు; కావున యజమాని నిబంధనలను చదివి, వినియోగమునకు పరిమితి విధింపవలెను. గడువు ముగియుటకు ముందే క్రొత్త పనులను నిలిపి, చేతనున్నవి పూర్తిచేసి పంపవలెను. లేనిచో ఆ భాగము మరియొక దాతకు పోవువరకు పరిశోధన ఆగును.

వేరొక పనికై గైకొన్న సర్వరులో మిగిలిన శక్తిని ఇచ్చుట మిగులు దానము. దీనికొరకే అద్దె చెల్లించుట ధనదానము. ఏ దానమునకైనను కాపుదల యావశ్యకమే.