కిటికీలో ఏమీ కనిపించనప్పుడు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ దగ్గర నిలబడి సూటిగా తూర్పుకు ఒక గీత గీస్తే అది ఇంచుమించు బేగంపేట రన్‌వే మీదికే పోతుంది. రెండింటి మధ్య దూరం తొమ్మిది కిలోమీటర్లు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలై బేగంపేట విమానాలు అక్కడికి మారాయి. ఆ మధ్య పదేళ్లూ, తూర్పుగాలి వీచే రోజుల్లో హైదరాబాద్ చేరే విమానాలు సైబర్ టవర్స్ ఉన్న హైటెక్ సిటీ వైపు నుంచే దిగేవి. మూడు డిగ్రీల వాలు లెక్కన అక్కడికి వచ్చేసరికి రన్‌వే కంటే సుమారు 1,500 అడుగుల ఎత్తులో ఉండేవి.

ఇప్పుడు బేగంపేటకు వచ్చేవి ఎక్కువగా వీఐపీల విమానాలు, వాయుసేన విమానాలు, శిక్షణ విమానాలు. ఐటీ కారిడార్ జనం విమానాన్ని చూసేది ఫోన్‌లోనే. మే నెల సాయంత్రం గాలిదుమారం లేచి, బయోడైవర్సిటీ కూడలిలో బండ్లు కదలక ఆగిపోయిన వేళ ఎవరో ఒకరు ఫ్లైట్ ట్రాకింగ్ యాప్ తెరుస్తారు. అమ్మానాన్న వస్తున్న విమానం ఊరి బయట పొడుగు వలయాలు చుడుతూ ఉంటుంది. "రన్‌వే అక్కడే ఉంది కదా, దించరేం?" అని పక్కసీటు మిత్రుడు అంటాడు. అలా దించకపోవడం వెనక తొంభై ఏళ్లకు పైగా పోగైన అనుభవం ఉంది. దాని పేరు ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ రూల్స్. పైలట్లు ఐఎఫ్ఆర్ అంటారు.

రెండు రకాల ఎగరడం

ఆకాశంలో నడవడానికి రెండు నిబంధనావళులున్నాయి. మొదటిది వీఎఫ్ఆర్, అంటే విజువల్ ఫ్లైట్ రూల్స్. కళ్లతో చూసుకుంటూ, చెరువునీ కొండనీ రోడ్డునీ గుర్తుపడుతూ, ఎదురొచ్చే విమానాన్ని తానే తప్పించుకుంటూ ఎగరడం. దానికి చూపు ఆనాలి. 10,000 అడుగుల లోపు అయిదు కిలోమీటర్ల దూరం కనిపించాలి. మబ్బుకు పక్కలకు 1,500 మీటర్లు, పైకీ కిందికీ 1,000 అడుగులు ఎడంగా ఉండాలి. మన దేశంలో పొద్దు గూకాక మామూలుగా వీఎఫ్ఆర్ కుదరదు.

రెండోది ఐఎఫ్ఆర్. బయట ఏమీ కనిపించకపోయినా ఎగరొచ్చు. అందుకు ఆ విమానానికి తగిన పరికరాలు, పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉండాలి. ఆ రేటింగ్ రావాలంటే కనీసం 40 గంటలు పరికరాల మీదే నడిపిన అనుభవం కావాలి. శిక్షణలో కుర్రాడి కళ్లకు హుడ్ తగిలిస్తారు. డ్యాష్‌బోర్డు తప్ప బయటి ప్రపంచం కనిపించదు. మనం ఎక్కే ఎయిర్‌లైన్ విమానాలు ఆకాశం అద్దంలా ఉన్న రోజున కూడా ఐఎఫ్ఆర్ కిందే వెళ్తాయి.

పరికరాలు అంత అవసరమా, అనుభవం ఉన్న పైలట్ ఒంటి తీరును బట్టి తెలుసుకోలేడా అని అడిగేవాళ్లు మొదట్లో పైలట్లలోనే చాలామంది. జవాబు వాళ్ల చెవిలోనే ఉంది. లోపలి చెవిలోని అర్ధవృత్త నాళాల్లో ద్రవం కదిలితేనే మనకు తిరుగుతున్నట్టు తెలుస్తుంది. మబ్బులో విమానం మెల్లగా ఒక పక్కకు ఒరిగితే ఆ ద్రవం పట్టించుకోదు. పైలట్‌కు తిన్నగా కూర్చున్నట్టే ఉంటుంది. ఒరుగు సరిచేస్తే అప్పుడు ఇటువైపు ఒరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని నమ్మి మళ్లీ మొదటి ఒరుగుకే తిప్పుతాడు. ఎత్తు తగ్గుతుంది, స్టిక్ లాగుతాడు, చుట్టు ఇంకా బిగుస్తుంది.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరికరాల మీద ఎగరడం రాని 20 మంది పైలట్లను కృత్రిమంగా మబ్బు పరిస్థితిలో పెట్టి చూశారు. ఇరవైమందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు పట్టింది. మూడు నిమిషాలు కూడా కాదు. అంతకు పాతికేళ్ల ముందే, 1929 సెప్టెంబరు 24న, అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ న్యూయార్క్ దగ్గర కాక్‌పిట్‌ను మూసేయించుకుని, బయటికి ఒక్కసారి కూడా చూడకుండా పైకి లేచి, చుట్టి వచ్చి దిగాడు. కృత్రిమ క్షితిజం, దిక్కు చూపే గైరో, సున్నితమైన ఆల్టిమీటర్, రేడియో సంకేతం ఆయనకు దారి చూపాయి. ఐఎఫ్ఆర్ అంతా ఆ పావుగంట ప్రయాణంలోంచి పెరిగిందే. శరీరం చెప్పేది నమ్మకు, ముల్లు చెప్పేది నమ్ము అన్నది అందులో మొదటి పాఠం.

చెప్పింది తిరిగి చెప్పాలి

పైలట్ ఒక్కడూ ముల్లును నమ్మితే చాలదు. మబ్బులో ఇంకెన్ని విమానాలున్నాయో అతనికి కనిపించదు కనుక వాటి మధ్య ఎడం చూసే పని నేల మీది కంట్రోలర్‌ది. బయల్దేరే ముందే ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేయాలి. క్లియరెన్స్ రావాలి. ఏ దారి, ఏ ఎత్తు, విమానాన్ని రాడార్‌కు గుర్తుపట్టించే ట్రాన్స్‌పాండర్‌లో ఏ నాలుగంకెల కోడ్ అని కంట్రోలర్ చెప్తే పైలట్ మాటకు మాట తిరిగి చదవాలి. రీడ్‌బ్యాక్ అంటారు దాన్ని. తూర్పు వైపు పోయేవాళ్లకు బేసి వేల అడుగులు, పడమటి వైపు వాళ్లకు సరి వేలు. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య కూడా ఇప్పుడు ఎడం 1,000 అడుగులే.

ఆ వెయ్యి అడుగుల విలువ మన దేశం ఘోరంగా తెలుసుకుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఎదురెదురుగా వస్తున్న సౌదీ, కజకిస్తాన్ విమానాలు మబ్బులో ఢీకొన్నాయి. కజక్ విమానానికి ఇచ్చిన ఎత్తు 15,000 అడుగులు, సౌదీ విమానానికి 14,000. కజక్ విమానం తన ఎత్తు నిలుపుకోకుండా కిందికి జారింది. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఢీకొనే ముందు కాక్‌పిట్‌లోనే హెచ్చరించే పరికరాన్ని మన ఆకాశంలో తప్పనిసరి చేసింది దాని తర్వాతే. ఆ పరికరం 'పైకి వెళ్లు' అని, కంట్రోలర్ 'కిందికి దిగు' అని అంటే పైలట్ వినాల్సింది పరికరాన్నే. 2002లో జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది పోయాక ఆ సంగతిలో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

రేడియో పోతే ఏం చేయాలన్నదీ ముందే రాసి ఉంటుంది. ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టాలి; చివరిగా ఇచ్చిన ఎత్తు, వేగం కాసేపు నిలుపుకోవాలి; ఆ తర్వాత ఫ్లైట్ ప్లాన్‌లో రాసినట్టే పోయి దిగాలి. మాట వినపడని పైలట్ ఏం చేస్తాడో కంట్రోలర్‌కు తెలుసు కాబట్టి మిగతా విమానాలను పక్కకు తప్పిస్తాడు.

ఇక దిగడం. ఐఎల్ఎస్ అనే వ్యవస్థ రన్‌వే దగ్గర్నుంచి రెండు రేడియో దారులు పరుస్తుంది. ఒకటి కుడి ఎడమలు చెప్తుంది, రెండోది ఎత్తు చెప్తుంది. కుడి పక్కన 150 హెర్ట్జ్, ఎడమ పక్కన 90 హెర్ట్జ్ ధ్వని బలంగా ఉంటుంది. రెండూ సమానమైనచోట ముల్లు మధ్యలో నిలుస్తుంది. ఆ ముల్లును పట్టుకుని నాటికల్ మైలుకు సుమారు 300 అడుగుల చొప్పున దిగుతారు. ఇప్పుడు ఉపగ్రహాలతో కూడా ఇంతే నిక్కచ్చిగా దిగొచ్చు. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టిన గగన్ వ్యవస్థతో 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం ఒకటి దిగింది.

అయితే ఐఎఫ్ఆర్‌లో అసలు గొప్పతనం ముల్లులో లేదు. మినిమమ్స్‌లో ఉంది. మొదటి క్యాటగిరీ ఐఎల్ఎస్‌తో 200 అడుగుల వరకే దిగొచ్చు, రన్‌వే మీద కనీసం 550 మీటర్లు చూపు ఆనాలి. ఆ ఎత్తులో కాక్‌పిట్ "మినిమమ్స్" అని పలుకుతుంది. దీపాలు కనిపిస్తే దిగాలి. లేదంటే మళ్లీ పైకి లేవాలి, అదే గో అరౌండ్. నేల ఇంకా పదిహేను, ఇరవై సెకన్ల దూరంలోనే ఉంటుంది. ఇంకొక్క యాభై అడుగులు చూద్దామన్న ఆశ ఏ మనిషికైనా పుడుతుంది. ఆ ఆశకు చోటు లేకుండా నిర్ణయాన్ని ముందే, నేల మీద, తల చల్లగా ఉన్నప్పుడే తీసేసుకుని పెట్టుకున్నారు. ఇంధనమూ అంతే. గమ్యానికి సరిపడా, అక్కడినుంచి ఇంకో విమానాశ్రయానికి సరిపడా, ఆపైన అరగంట తిరగడానికి సరిపడా ఉంటేనే బయల్దేరాలి.

కైకలూరు, నల్లమల

తెలుగునేల మీద ఎవరూ మరచిపోని ఆకాశ ప్రమాదాలు రెండున్నాయి. రెండూ హెలికాప్టర్లవి. 2002 మార్చి 3న భీమవరం నుంచి హైదరాబాద్ బయల్దేరిన బెల్ 206 కైకలూరు దగ్గర కూలి లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగితో పాటు మరో ఇద్దరు మరణించారు. చూపు ఆనని పరిస్థితిలో పైలట్ చేపల చెరువును నేల అనుకుని దిగబోయాడని తేలింది.

2009 సెప్టెంబరు 2న ఉదయం 8.38కి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు లేచింది. రెండు ఇంజన్ల బెల్ 430, ఇద్దరు పైలట్లు. గంట లోపే నల్లమలలో పావురాలగుట్ట మీద పడింది. మర్నాటిదాకా జాడ తెలియలేదు. అందులోని అయిదుగురూ చనిపోయారు. విచారణ సంఘం చెప్పినది క్లుప్తంగా ఇది: ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ తగ్గినట్టు కనిపించింది, దానికేం చేయాలో పుస్తకంలో వెతకడంలో పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారు, చుట్టూ క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలు, బలమైన గాలి కిందికి తోసింది, అదుపు తప్పింది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. ఐఎఫ్ఆర్ ఉంటే ఉరుముల మబ్బులోకి దూరిపోవచ్చని కాదు. ఆ మబ్బును ఏ నిబంధనా గెలవదు, తప్పుకోవడమే. ఈ రెండు ప్రమాదాలనూ నేను చెప్పడం వేరే సంగతికి. పల్లెలో సున్నం గీసిన హెలిప్యాడ్‌కు ఐఎల్ఎస్ ఉండదు. అక్కడికి ఎగరడమంటే చివరికి కళ్ల మీద ఆధారపడటమే. వీఎఫ్ఆర్ హద్దులు రాసి ఉన్నా, వాతావరణం పాడైనప్పుడు ఏ ఎత్తులో, ఏ నిమిషంలో వెనక్కి తిరగాలన్నది పైలట్ మనసులోనే ఉండిపోతుంది. ఎయిర్‌లైన్ పైలట్‌కు మినిమమ్స్ దగ్గర ఏం చేయాలో రాసి ఇచ్చిన వ్యవస్థ ఆ నిమిషంలో హెలికాప్టర్ పైలట్‌ను ఒంటరిగా వదిలేస్తుంది.

మేడల్లోని కోడ్

హైటెక్ సిటీ నెత్తిన ఇప్పుడు విమానాలు అంతగా కనిపించకపోయినా, పైలట్లు నమ్మే ఆ పరికరాలతో ఊరికి బంధం బిగిసింది. ఏవియానిక్స్ తయారుచేసే హనీవెల్, కొలిన్స్ ఏరోస్పేస్‌లకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. బీవీఆర్ మోహన్‌రెడ్డి 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలుపెట్టిన మాదాపూర్ కంపెనీ సైయెంట్ విమాన రంగానికి పనిచేస్తుంది. విమానంలోకి పోయే కోడ్ పాటించాల్సిన ప్రమాణం డీఓ-178సీ. ఏ నుంచి ఈ దాకా అయిదు స్థాయిలు. లెవెల్ ఏ అంటే అది తప్పితే విమానమే పోవచ్చు. ఆ స్థాయి కోడ్‌లో ప్రతి షరతూ విడిగా ఫలితాన్ని మార్చగలదని పరీక్షతో చూపించాలి. పరీక్షించేవాడు రాసినవాడు కాకూడదు. ప్రతి లైనూ ఏ అవసరం కోసం ఉందో కాగితం మీద కనిపించాలి. 'వారమంతా ట్రేసబిలిటీ, రివ్యూ' అని ఈ పనిలోని ఇంజినీర్లు విసుక్కుంటారు. విసుగు నిజమే. మబ్బులో పైలట్ నమ్మే ముల్లు ఆ విసుగులోంచే వస్తుంది.

కోకాపేట వైపు యాభై అంతస్తులు దాటి లేస్తున్న టవర్లకూ ఇందులో పాత్ర ఉంది. ఐఎఫ్ఆర్‌లో దారికి 8 కిలోమీటర్ల లోపు ఉన్న అతి ఎత్తైన అడ్డంకి కంటే కనీసం 1,000 అడుగులు పైన ఉండాలి, కొండ ప్రాంతమైతే 2,000. కట్టే ప్రతి మేడా ఆ లెక్కలోకి వస్తుంది. విమానాశ్రయాల సంస్థ ఎత్తు అనుమతిని బిల్డర్లు అడ్డంకిగా చూస్తారు. అక్కడ కొన్న ఇంట్లో ఉండబోయేవాళ్లు అలా చూడకూడదు.

ఈసారి మీ విమానం శంషాబాద్ మీద చుట్టి చుట్టి బెంగళూరుకో విజయవాడకో మళ్లితే సిబ్బందితో గొడవపడకండి. భోజనం అడగండి, తర్వాతి ఏర్పాటు అడగండి. ఎందుకు దించలేదని మాత్రం పైలట్‌ను నిలదీయకండి. నాయకుల పర్యటనలు చూసే అధికారులకు ఇంకో మాట. హెలికాప్టర్ ఎప్పుడు వెనక్కి తిరగాలో ముందే రాతలో పెట్టించండి. ఈ వాతావరణంలో వెళ్లలేమని పైలట్ అంటే సభ వాయిదా వేయండి, లేదా కారు తెప్పించండి.