ఆరునెలల నీళ్ళు

కురుపామునుండి గుమ్మలక్ష్మీపురము వైపు పోవు బాటసారికి వైశాఖమాసమున కొండల అడుగున అక్కడక్కడ పగుళ్ళువారిన పల్లపునేలలు కానవచ్చును. వానిలో పశువులు మేయుచుండును. ఆ పల్లములే శ్రావణమున మోకాటిలోతు నీటితో, తుంగతో, కలువలతో నిండి, రేయెల్ల కప్పల బెకబెకలతో మారుమ్రోగును. ఈ ప్రాంతమువారు వీనిని బందలందురు. సంస్కృతమున ఇట్టి చిరుజలాశయములకు వేశంతము, పల్వలము అను పేర్లను అమరసింహుడు వారివర్గమున చెప్పియున్నాడు. సముద్రమును, నదులను పేర్కొన్న చోటనే ఆయన వీనికిని తావిచ్చెను. నేటి మనకు మాత్రము ఎండిన బంద ఉత్త బీడు.

ఇచ్చటనే మన పొరపాటున్నది. ఎండుట బందకు రోగము కాదు. అది దాని జీవనధర్మము. నీరింకినప్పుడు నత్తగుల్ల మూత బిగించుకొని బురదలో నిద్రించును. తుంగగడ్డలును కలువదుంపలును మట్టిలోపల ప్రాణము పట్టుకొనియుండును. ఏటేట ఎండుటచే పెద్దచేపలు అందు నిలువజాలవు. అందుచేతనే తోకకప్పలు వానివాత పడక, కాళ్ళు మొలచి గట్టెక్కును. ఈ కొండలకు తూర్పున, శ్రీకాకుళము జిల్లా ఇచ్ఛాపురము చెంత తేలుకుంచి గ్రామమున ఏటేట గూళ్ళుకట్టు నత్తగుల్లకొంగలకు ముఖ్యాహారము లోతులేని నీటను, వరిమళ్ళలోను దొరకు నత్తలే. (ఆ కొంగలను సైబీరియా పక్షులని మనవారు గర్వముతో చెప్పుకొందురు. నిజమునకవి మన ఉపఖండపు పక్షులే. దూరదేశమునుండి వచ్చినదన్నగాని దేనిని గౌరవింపని గుణము మనకు పాతదే.)

ఈ జీవనధర్మమునకిప్పుడు రెండు వైపులనుండి ముప్పు. మొదటిది వాన తీరు. ఒక్క డిగ్రీ వేడెక్కినచో గాలి సుమారు 7 శాతము అధికముగ నీటి ఆవిరిని మోయగలదు. కావున కురిసిన నాడు కుండపోత. కురియని నాళ్ళు దీర్ఘము. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూచిన ఉత్తరాంధ్రకు కుండపోతనుగూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి వానకు బోడికొండవాలు మట్టి కొట్టుకొనివచ్చి బందను పూడ్చును. పిమ్మట ఎండ కాసినచో తోకకప్పలకు కాళ్ళు రాకమున్నే నీరింకును. లోతైన చెరువునకు పదిదినముల వానయెడము లెక్కలోనిది కాదు. మోకాటిలోతు బందకు అదియే మృత్యువు.

రెండవది మేలుచేయబోవు చేయి. 2022లో కేంద్రప్రభుత్వము అమృతసరోవర పథకమును ప్రారంభించి, జిల్లాకు 75 చెరువుల చొప్పున నిర్ణయించెను. ఒక్కొక్కటి కనీసము ఒక ఎకరము వైశాల్యమున 10,000 ఘనమీటర్ల నీరు పట్టవలెను. ఉద్దేశము మంచిదే. కాని లెక్కవేసి చూడుడు: ఎకరమున అంత నీరు నిలువవలెనన్న సగటున రెండున్నర మీటర్ల లోతు కావలెను. అది చెరువునకు తగిన కొలత, బందకు కాదు. పూర్వము రైతులు వేసవిలో ఒండ్రు నెత్తి బండ్లపై పొలములకు తోలుకొనెడివారు. అది పైపొర తీయుట మాత్రమే. కొలత కొరకు పొక్లెయిను దింపినచో అడుగునున్న బంకమట్టిని గూడ చీల్చును. ఆ పిమ్మట నీరు నిలువక క్రిందికి జారిపోవును. నిలిచినను, గట్లు నిట్రముగ నుండుటచే తుంగకు, కొంగకు, కప్పకు కాలూన చోటుండదు.

శాసనమున వీనికి ఆశ్రయము తక్కువ. 2017లో సుప్రీంకోర్టు దేశమున 2,01,503 చిత్తడినేలలను కాపాడుమని ఆదేశించెను, అవి 2.25 హెక్టారులకు పైబడినవి. అంతకు చిన్నవి ఆ లెక్కలోనికి రాలేదు. అదే యేటి చిత్తడినేలల నిబంధనలు సాగునీటికిని త్రాగునీటికిని నిర్మించిన జలాశయములను మినహాయించినవి. బందకెవరో సాగుకొరకు చిన్న గట్టు వేసియున్నచో ఆ నిర్వచనమునుండియు అది జారిపోవచ్చును.

అయినను గుమ్మలక్ష్మీపురపు కొండలకు మైదానములకు లేని ఒక బలమున్నది. 1996 నాటి పీసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో చిన్న నీటివనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీలకప్పగించినది. ఏ బందలో ఏ నెలవరకు నీరుండునో ఇచ్చటి సవరలు, జాతాపులు ఎరిగినవారు. ఆ ఎరుక గ్రామసభ పుస్తకమునకెక్కవలెను: ఏది త్రవ్వవచ్చును, ఏది త్రవ్వరాదు, ఏ గెడ్డనుండి వచ్చు కాలువను మూయరాదు. అందుకు తగిన కాలము వేసవియే. యంత్రములు వచ్చునదియు అప్పుడే. బంద ఉత్త బీడువలె కనబడునదియు అప్పుడే.