చేను బరికిస్తే కేసు మీదికొస్తుంది

సంక్రాంతి నెల పట్టిందంటే ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లో రెండు పనులు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకపక్క సార్వా నూర్పిళ్ళు ముగించుకొని దాళ్వాకు ఆకుమళ్ళు చూసుకోవడం. ఇంకోపక్క పుంజులకు బాదంపప్పు, గంట్లు పెట్టి ఈత కొట్టించడం. మెట్టలో పామాయిల్ తోటయినా, డెల్టాలో కోత కోసిన చేనయినా, కొల్లేటి పక్కన చేపల చెరువు గట్టు వారనున్న ఖాళీ జాగా అయినా, ఎక్కడో ఒకచోట బరి పడాలి. ఆ చోటు ఒక్కోసారి సన్నకారు రైతుదో, కౌలు రైతుదో అవుతుంది.

"ఏరా అబ్బాయ్, మూడు రోజులే కదా! కనుమ వెళ్ళంగానే దున్నించి ఇచ్చేస్తాం" అని ఊళ్ళో పెద్దలు అడిగితే "అలాగేనండి" అనక తప్పదు. కొందరికి ఎంతో కొంత అద్దె ముడుతుంది. కొందరికి మొహమాటమే మిగులుతుంది. అయితే పందెం వేసినవాడితో పాటు చోటిచ్చినవాడు కూడా చట్టం ముందు ముద్దాయేనన్న సంగతి చాలామంది రైతులు పట్టించుకోరు. రైతు సోదరులు తెలుసుకోవలసింది ముందుగా అదే.

చట్టం ఏమంటోంది?

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, వినోదం కోసం ఒక జీవిని మరో జీవి మీదికి ఉసిగొల్పి పోరాడించడం నేరం. కోడయినా, పొట్టేలయినా, కుక్కయినా ఒకటే. కత్తి కట్టకుండా డింకీ పందెం వేస్తే తప్పులేదని కొందరంటారు. ఆ సెక్షన్‌లో కత్తి మాటే లేదు. ఉసిగొల్పి పోరాడించడమే నేరం.

అదే సెక్షన్‌లో 'ఎన్' క్లాజు ఒకటుంది. పోరాటాలకు చోటు ఏర్పాటు చేసినా, దాన్ని నడిపినా, అందుకు తన చోటును వాడుకోనిచ్చినా, ఇస్తానని ముందుకొచ్చినా, జనం దగ్గర ప్రవేశానికి డబ్బు తీసుకున్నా నేరమే. "అద్దె తీసుకోలేదండీ, ఊరికే ఇచ్చాను" అంటే చెల్లదు.

ఇక శిక్ష చూస్తే నవ్వొస్తుంది. 1960లో రాసిన జరిమానా మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక పుంజు మేతకయ్యే ఖర్చులో ఇదెంత? అమెరికాలో కుక్కల పోట్లాటలు, కోడిపందేలు నడిపితే ఫెడరల్ చట్టం కింద ఐదేళ్ళ వరకు జైలు. చూడ్డానికి వెళ్ళినా ఏడాది వరకు పడొచ్చు. ఇంగ్లండు ఈ పందేలను 1835లోనే నిషేధించింది.

యాభై రూపాయలతో పోదు

కేసు ఆ ఒక్క చట్టంతో ఆగదు. పందెం ఉన్నచోట డబ్బుంటుంది. బరి పక్కనే గుండాట, పేకాట ఉంటాయి. అప్పుడు 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వస్తుంది. దాని 9వ సెక్షన్ కింద బహిరంగ స్థలంలో పక్షులను, జంతువులను పోరాడిస్తున్నవారిని, వారికి సాయపడుతున్నవారిని పోలీసులు వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. ఈ చట్టాన్ని 2020లో సవరించి శిక్షలు పెంచారు. జూదశాల నడిపితే మొదటిసారి ఏడాది వరకు, మళ్ళీ చేస్తే రెండేళ్ళ వరకు జైలు, పైన జరిమానా.

పండుగ ముందు అధికారులు నిషేధాజ్ఞలు పెట్టడం కూడా ఉంది. వెనక 144 సెక్షన్ అనేవాళ్ళం. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 163 సెక్షన్. ఆ ఉత్తర్వును మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దానివల్ల మనుషుల ప్రాణానికి ముప్పు వస్తే శిక్ష ఏడాది దాకా పెరుగుతుంది.

ఇవి కాక ఖర్చులు వేరే. జామీను, వకీలు ఫీజు, ఏలూరుకో గూడేనికో వాయిదాలు. వాయిదాకు వెళ్ళిన రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. ఊడ్పుల రోజున వాయిదా పడితే చేలో మనిషి ఉండడు. లక్షలు పందెం కాసినవాడికి ఇదొక లెక్క కాదు. ఎకరం, అరెకరం రైతుకు మాత్రం ఏడాది మిగులు ఇక్కడే కరిగిపోతుంది.

కోర్టులు ఏమన్నాయి?

తమిళనాడు జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు 2014 మే 7న తీర్పిస్తూ, వినోదం కోసం జంతువులను హింసించడం ఆచారం పేరుతో చెల్లదంది. మన కోడిపందేలపై హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో తీర్పిచ్చింది. పందేలు జరగకుండా చూడాలని, మండలాల్లో రెవెన్యూ, పోలీసు అధికారులతో తనిఖీ బృందాలు వేయాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది.

"మరి జల్లికట్టుకు ఒప్పుకున్నారుగా?" అని అడిగేవారున్నారు. నిజమే. తమిళనాడు 2017లో చట్టం సవరించుకుంది, సుప్రీంకోర్టు 2023 మే 18న దాన్ని సమర్థించింది. మన కోడిపందేలకు అలాంటి సవరణ లేదు. పల్నాటి యుద్ధం కథనాటి ఆట అన్నా, పంచాంగం చూసి వేసే పందెం అన్నా, కేసులో అవి అక్కరకు రావు.

ఇన్ని ఉన్నా పందేలు ఆగడం లేదన్నది అందరికీ కనిపిస్తున్నదే. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. దాడి జరిగినప్పుడు ఆడేవాళ్ళు కార్లెక్కి పోతారు. చేను మాత్రం ఎక్కడికీ పోదు. సర్వే నంబరు చూస్తే అది ఎవరిదో తెలిసిపోతుంది.

ప్రాణాలు, పంట

పుంజు కాలికి కట్టిన కత్తి మనిషిని కూడా వదలదు. 2020 జనవరిలో చింతలపూడి వైపు ప్రగడవరంలో పందేనికి తెచ్చిన పుంజు ఎగిరితే కత్తి మెడకు తగిలి ఒక మనిషి చనిపోయాడు. 2023 సంక్రాంతికి నల్లజర్ల మండలం అనంతపల్లిలో మరొకరు పోయారు. అలాంటిది మీ చేలో జరిగితే మీకు చుట్టుకునే చిక్కు ఇంకా పెద్దది.

చేనుకు నష్టం సరేసరి. కార్లు, ట్రాక్టర్లు తొక్కిన నేల గట్టిపడి దమ్ముకు లొంగదు. గట్లు చెదురుతాయి. పగిలిన సీసా పెంకులు బురదలో ఉండిపోయి ఊడ్పుకు దిగిన ఆడకూలీల కాళ్ళు కోస్తాయి. దాళ్వాలో వారం ఆలస్యమైతే చివర్లో కాలువ నీటికి వెతుక్కోవాలి.

రైతు చేయవలసింది

చోటు అడిగితే "ఆకుమడి పోశాను బాబాయ్, తడి పెట్టాను" అని ముందే చెప్పేయడం తేలిక. పండుగకు ముందే చేను తడిపి దమ్ముకు సిద్ధం చేస్తే అడిగేవారే ఉండరు. కౌలు రైతులు ఆసామితో ముందే మాట్లాడుకోవాలి. ఆసామి మాటిచ్చేస్తే చేలో ఉన్న మీ పేరు కూడా కేసులో వినిపించవచ్చు. మీరు కాదన్నా బలవంతంగా చేను చదును చేస్తుంటే తహశీల్దారుకు, స్టేషన్‌కు అర్జీ ఇచ్చి, నకలు మీద ముట్టినట్లు సంతకం వేయించుకోవాలి. 112కు ఫోను చేయవచ్చు. ఆ నకలు దాచుకుంటే "నేనివ్వలేదు" అనడానికి అదే సాక్ష్యం.

అసీలు కోళ్ళను పెంచుకోవడం, అమ్ముకోవడం నేరం కాదు. నాటుకోడికి గిరాకీ ఉంది. పుంజు మీద ఆదాయం చూసుకోండి, ఎవరూ కాదనరు. చేను మాత్రం పంటకే ఉంచుకోండి.